ఏప్రిల్ 12 మొక్కలు నాటే రోజు కాదు: వనజీవి రామయ్య గారి పేరున పెంచుతున్న వనం, మొదటి ఏడాది

వనజీవి రామయ్య గారు 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. దినకర్మ కూడా కాకముందే మా ఖమ్మం జిల్లాలోని ఒక ఊరి నుంచి నాకు ఫోన్ వచ్చింది. "సారూ, రామయ్య తాత పేరున మా ఊళ్ళో ఒక వనం పెంచాలనుకుంటున్నం. జాగా ఉంది, పోరగాళ్ళున్నరు, పైసలు కొన్ని జమైనయ్. మీరొచ్చి చెప్తే వచ్చే వారమే నాటేస్తం." నర్సరీలు, తోటలు, అడవి పెంపకం ఇరవై ఏళ్ళకు పైగా నా బతుకుతెరువు. ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. ఈసారి మాత్రం ఫోన్ పెట్టేశాక కాసేపు కూర్చున్నచోటి నుంచి లేవలేకపోయాను. ఏప్రిల్ నెలలో, మా జిల్లా ఎండలో, ఆయన పేరు చెప్పి మొక్కలు తెచ్చి ఎండబెట్టడమా?

ఆయన గురించి తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు. దరిపల్లి రామయ్య గారిది ఖమ్మం పక్కనే ఉన్న రెడ్డిపల్లి. జేబుల్లో గింజలు, బండి మీద మొక్కలు, ఒంటి మీద 'వృక్షో రక్షతి రక్షితః' అని రాసిన గుండ్రటి బోర్డు. ఖమ్మం చుట్టుపక్కల ఆయన్ని ఆ వేషంలో చూడని వాళ్ళు తక్కువ. కాలువ గట్లు, రోడ్డు పక్కలు, బడి ఆవరణలు, ఎక్కడ ఖాళీ నేల కనిపిస్తే అక్కడ గింజ వేశారు. కోటికి పైగా మొక్కలు నాటారని పేరు. భార్య జానమ్మ గారు ఆ పనిలో కడదాకా తోడున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒకసారి రోడ్డు మీద బండి గుద్దితే, గుద్దిన మనిషి మీద కేసు వద్దు, వంద మొక్కలు నాటించండి చాలు అన్నారని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. ఆయన పనిలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకున్నది ఆ కోటి అంకె కాదు. నాటిన చోటికి మళ్ళీ మళ్ళీ పోయి చూసుకునేవారు, నీళ్ళు పోసేవారు. నాటే రోజున వందమంది వస్తారు. పదో నెలలో వచ్చేది ఒక్కరే. ఆయన ఆ ఒక్కరు.

అందుకే ఊరివాళ్ళకు మొదటి సమావేశంలోనే చెప్పాను. ఈ వనంలో ఏ నిర్ణయం తీసుకున్నా "మళ్ళీ ఎవరు వస్తారు?" అన్న ప్రశ్న దాటిన తర్వాతే తీసుకుందాం అని. ఈ కేస్ స్టడీ అంతా ఆ ప్రశ్న చుట్టూ జరిగిన కథే.

విగ్రహమా, నీళ్ళా

ఆ సమావేశం బడి వరండాలో జరిగింది. అప్పటికి గ్రామ పంచాయతీలకు పాలకవర్గాలు లేవు, ప్రత్యేక అధికారుల పాలన నడుస్తోంది. ఊరి పెద్దలు, యువజన సంఘం పిల్లలు, మహిళా సంఘం అక్కలు కలిపి నలభై మంది దాకా ఉన్నారు. జమైన డబ్బుతో ముందు విగ్రహం పెట్టాలని కొందరు గట్టిగా పట్టుబట్టారు. వాళ్ళది తప్పని నేను అనను. ఊరి మనిషిలాంటి వాడికి పద్మశ్రీ వస్తే, ఆ రూపం నలుగురికీ కనపడాలని ఎవరికుండదు? కానీ లెక్క చూపించాను. విగ్రహానికీ గద్దెకీ అయ్యే ఖర్చు, ఇద్దరు మనుషులకు రెండు ఎండాకాలాల నీళ్ళ కూలీకి సరిపోతుంది. రెండూ చేయడానికి చాలదు. చాలాసేపు వాదన నడిచాక ఒక పెద్దామె లేచి, "బొమ్మకు నీళ్ళు పొయ్యకున్నా ఎండదు గదా బిడ్డా, తర్వాత పెట్టుకోవచ్చు" అంది. అక్కడితో ఆ మాట తేలిపోయింది. విగ్రహానికి బదులు ఆయన వేసుకున్నలాంటి గుండ్రటి రేకు బోర్డు ఒకటి, అదే వాక్యంతో, గేటు పక్కన కట్టాం.

గుంటలు తవ్వే పనికి ఉపాధి హామీ కింద అంచనా వేయించాం. మొక్కల్లో కొన్ని పంచాయతీ నర్సరీ నుంచి, కొన్ని బయట కొని, మిగతావి గింజల నుంచి.

బంచెరాయి

స్థలం రెండున్నర ఎకరాలు. ఊరివాళ్ళ దృష్టిలో ఖాళీ భూమి. నా అనుభవంలో ఖాళీ భూమి అనేది ఎక్కడా లేదు. మొదటిరోజు నడిచి చూస్తేనే తెలిసింది, ఆ నేల మీద మేకల గిట్టల గుర్తులు, పెంటికలు, చెరువు వైపు అరిగిన డొంక. అది ఊరి పశువులు మేసే బంచెరాయి. ఊళ్ళో మేకలు, గొర్రెలు కాసే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. సమావేశానికి వాళ్ళలో ఒక్కరూ రాలేదు, పిలిచిన వాళ్ళూ లేరు.

మేమే వెళ్ళాం. చెట్టు కింద కూర్చున్న ఒక తాత మా మాటంతా విని, "రామయ్య అంటే మాకూ పానమే. మరి మా మేకలు ఏడ మెయ్యాలె?" అని అడిగాడు. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ముళ్ళకంచె వేసి వాచర్‌ను పెట్టుకుని పని కానివ్వచ్చు, చాలా చోట్ల అదే చేస్తారు. ఆ కంచె మొదటి ఏడాదే తెగుతుంది. ఆకలితో ఉన్న మందను కంచె ఆపదు. మంద తోలే మనిషికి ఆ వనం శత్రువైతే, రాత్రిళ్ళు దాన్ని కాసేవాడే ఉండడు.

మూడు దఫాలు మాట్లాడుకున్నాక ఒక ఒప్పందం కుదిరింది. చెరువుకు పోయే డొంకను వనం మధ్య నుంచి మళ్ళించకుండా అలాగే వదిలేశాం, దానికి రెండు పక్కలా వావిలి, కానుగ వేశాం. ఈ రెండూ మేకలు అంతగా ముట్టవు. హద్దు చుట్టూ కందకం తవ్వి, ఆ మట్టి గట్టు మీద ముళ్ళ ఆకుల కిత్తనార పెట్టాం. లోపల మేత మొలిస్తే మందను తోలకూడదు, కానీ అక్టోబరు నుంచి కొడవలితో కోసుకుపోవచ్చు, ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు. వాచర్‌ను ఆ కుటుంబాల నుంచే తీసుకోవాలి. ఇదంతా గ్రామసభలో రాయించాం. డిసెంబరులో ఎన్నికలు జరిగి కొత్త పాలకవర్గం వచ్చినప్పుడు అదే కాగితాన్ని మళ్ళీ చదివి వినిపించాం. ఇలాంటి వనం పెట్టేవాళ్ళు ఆ రెండోసారి చదవడం మర్చిపోకూడదు.

ఈ ఒప్పందం వల్ల కలిగిన మేలు ఫిబ్రవరిలో అర్థమైంది. అప్పటికి చుట్టుపక్కల బీడు నేలల్లో గడ్డి నడుమెత్తు ఎండి నిలబడి ఉంది. మా వనంలో మాత్రం వాళ్ళు కోసుకుపోగా మిగిలింది జానెడు మోళ్ళే. పక్క పొలంలో ఎవరో పెట్టిన నిప్పు గాలికి మా కందకం దాకా వచ్చింది. లోపలికి రావడానికి దానికి తిండి లేదు.

నేల ఏం అడిగింది

స్థలంలో పై సగం నీళ్ళు నిలవని ఎర్ర చల్క, కింది సగం నీళ్ళు పట్టి ఉంచే నల్లరేగడి. దాతల్లో కొందరు మియావాకి పద్ధతి అడిగారు. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకి పేరున వచ్చిన ఆ పద్ధతిలో చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు కూర్చి నాటతారు. మన రాష్ట్రంలో అటవీశాఖ దాన్నే కొంత మార్చి యాదాద్రి మోడల్ అని ఎకరాకు నాలుగు వేల మొక్కలతో చేసింది. నీళ్ళకు బోరు, మట్టికి ఎరువు, మొదటి రెండేళ్ళు మనుషులు ఉన్నచోట అది బాగా పనిచేస్తుంది. ఇక్కడ ఉన్నది ట్యాంకరు, ఇద్దరు మనుషులు. పైగా మా ప్రాంతపు సహజమైన అడవి ఆకు రాల్చే అడవి, చెట్ల మధ్య వెలుతురు, కింద గడ్డి ఉండే అడవి. మేత కోసుకునే వాళ్ళకు మాట ఇచ్చాక గడ్డి మొలవని అడవి పెట్టలేం. అందుకని నాలుగు మీటర్ల ఎడంలో, అడుగున్నర గుంటలు తీయించాం. డొంక, కందకం, ఒక రాతి దిబ్బ పోగా ఐదు వందల పైచిలుకు గుంటలు వచ్చాయి.

మొక్కల జాబితా రాసేటప్పుడు నాకు తోడు కూర్చున్నది ఊళ్ళోని ఇద్దరు ముసలివాళ్ళు. ఆ చుట్టుపక్కల ఒకప్పుడు ఏవేం ఉండేవో వాళ్ళే చెప్పారు. ఇప్ప, తునికి, నల్లమద్ది, ఏగిస, తాని, ఉసిరి, నేరేడు, మారేడు, వెలగ, రేల, మోదుగ, కుంకుడు. వాగు వైపు మేడి, జువ్వి. గేటు దగ్గర ఒక జమ్మి. జమ్మి మన రాష్ట్ర వృక్షం, దసరాకు ఆకు కావాలి, అది ఒక కారణం. నా మనసులో మరో కారణం ఉంది. 1730లో రాజస్థాన్‌లోని ఖేజడ్లీ అనే ఊళ్ళో అమృతాదేవితో కలిపి మొత్తం 363 మంది బిష్ణోయీలు, చెట్లను కాపాడటం ధర్మంగా నమ్మేవాళ్ళు, ప్రాణాలిచ్చింది ఈ జమ్మిచెట్లను నరకనివ్వకుండా ఆపడం కోసమే. రామయ్య గారి పేరున్న చోట ఆ చెట్టు ఉండాలనిపించింది.

కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలు ఉచితంగా ఇస్తామని ఒకరు ముందుకొచ్చారు. వద్దన్నాం. త్వరగా పచ్చగా కనిపిస్తుంది నిజమే. మన పిట్టకు గానీ తేనెటీగకు గానీ అందులో పెద్దగా ఏమీ దొరకదు.

ఎర్రచందనం విషయంలో మాత్రం నేను నా నియమాన్ని పక్కన పెట్టాను. అది శేషాచలం కొండల చెట్టు, మా జిల్లాది కాదు. కానీ రామయ్య గారు ఇష్టంగా నాటిన వాటిలో అదీ ఉంది, ఊరి పిల్లలు గట్టిగా అడిగారు. ఓ నలభై మొక్కలు తెప్పించాను. అక్కడితో ఆగినా బాగుండేది. గేటు నుంచి చూస్తే బాగా కనిపిస్తుందని వాటిని కింది రేగడిలో పెట్టించాను. ఆ తప్పు పూర్తిగా నాది.

జేబులో గింజ

ఆయన వనంలో అన్నీ నర్సరీ ప్లాస్టిక్ సంచుల్లో పెంచిన కవర్ మొక్కలే ఉంటే ఎట్లా అని బడి పంతులమ్మ ఒకరు అడిగారు. రామయ్య గారి పని గింజతో కదా మొదలైంది! ఆ ప్రశ్న ఈ వనాన్ని మార్చింది. గుంటల వరసల మధ్య గింజలు నేరుగా విత్తాలని నిర్ణయించాం.

మే నెలంతా పిల్లలు గింజలు ఏరారు. రేలకాయ పగలగొడితే లోపల నల్లటి గుజ్జు, అరలు అరలుగా పైసల్లా పేర్చిన గింజలు. పిల్లలకు అది ఆట. ఆ గింజ పైపొర రాయిలా ఉంటుంది, నీళ్ళు లోపలికి పోనివ్వదు. గరుకు బండ మీద ఒక అంచు రుద్ది, లేదా మరిగి దించిన నీళ్ళలో వేసి చల్లారేదాకా ఉంచి, అప్పుడు విత్తాలి. కానుగకు ఇవేమీ అక్కర్లేదు, కాయ ఒలిస్తే చాలు. వేప, ఇప్ప, నేరేడు గింజలది మరో లెక్క. దాచిపెడితే కొద్ది వారాల్లోనే జీవం పోతుంది. పండు రాలిన వెంటనే విత్తాలి. ఈ తేడా తెలియక పోయిన ఏడాది గింజలు సంచుల్లో దాచి నాటి, ఒక్కటీ మొలవలేదని వాపోయేవాళ్ళను ఏటా చూస్తుంటాను. విత్తన బంతుల మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. మట్టి ఉండ చేసి విసిరేస్తే చేతులు దులుపుకోవచ్చు, అంతే. గింజకు కావలసింది వేలుమందం లోతు, మీద కాస్త చెత్త, మళ్ళీ వచ్చి చూసే మనిషి.

జూలైలో రెండు మంచి వానలు పడ్డాక నాటడం, విత్తడం ఒకేసారి మొదలుపెట్టాం. పాదుకు మూడేసి గింజలు. ఉడతలు, ఎలుకలు, చీమలు వాటి వాటా తీసుకున్నాయి. అయినా పదిహేను రోజులకు కానుగ మొలకలు ఎర్రటి లేత ఆకులతో బయటికొచ్చాయి.

కవర్ మొక్కల దగ్గర ఒక దెబ్బ తగిలింది. బయట ఒక నర్సరీలో కొన్న మొక్కలు చూడ్డానికి నిండుగా, భుజం ఎత్తున ఉన్నాయి. కవర్ కోసి చూస్తే ఒకదానిలో తల్లివేరు అడుగున గుండ్రంగా చుట్టుకుని తాడుముడిలా బిగిసిపోయి ఉంది. పక్కదీ అంతే. రెండేళ్ళకు పైగా చిన్న కవర్లో ఉంచేసిన మొక్కలు. అలాంటి చెట్టు నాలుగైదేళ్ళు బాగానే పెరిగి, ఒక గాలివానకు వేళ్ళతో సహా పడిపోతుంది. మొక్క కొనేటప్పుడు ఎత్తు చూడకండి, నాలుగైదు కవర్లు కోయించి వేరు చూడండి. మేము ఎక్కువ శాతం వెనక్కి పంపి, నడుమెత్తు కూడా లేని ఏడాది మొక్కలు తెచ్చుకున్నాం. ఫొటోలో బాగోలేదని కొందరు చిన్నబుచ్చుకున్నారు.

అక్టోబరు 29

మొంథా తుఫాను తీరం దాటిన మర్నాడు మా జిల్లాలో, వరంగల్ వైపు కురిసిన వాన అందరికీ గుర్తుండే ఉంటుంది. రెండోరోజు వనానికి వెళితే కింది సగం చెరువైంది. కందకం మట్టిగట్టు నీళ్ళను బయటికి పోనివ్వలేదు. మేకలు రాకుండా వేసిన గట్టు వాననీటిని లోపల కట్టేసింది. వాలు చూసి రెండుచోట్ల తూము వదలాల్సింది, నాకు తట్టలేదు. యువజన సంఘం పిల్లలు పారలు పట్టుకుని గట్టు తెంచారు. నీళ్ళు పూర్తిగా దిగడానికి వారం దాటింది.

ఆ వారం నేల నాకు చెప్పిన పాఠం ఏ పుస్తకంలోనూ అంత స్పష్టంగా ఉండదు. నల్లమద్దికి ఏమీ కాలేదు. నేరేడు, కానుగ తేరుకున్నాయి. వేప సగం పైగా పోయింది. ఎర్రచందనంలో మిగిలింది నాలుగంటే నాలుగు. వేరు తీసి చూస్తే తొక్క వేళ్ళకు ఊడొచ్చింది, కుళ్ళిన వాసన. రామయ్య గారి మీద ఇష్టంతో పెట్టిన మొక్కను, నేల చూడకుండా పెట్టి నేనే చంపాను. ఆయనైతే ఆ గింజను ఏ గుట్టవాలునో వేసేవారు.

డిసెంబరులో మరో నష్టం. తేమ నిలవాలని పై చల్క నేలలో మొక్కల మొదళ్ళ చుట్టూ వరిగడ్డి మందంగా కప్పాం. చల్కలో చెద ఉంటుందని తెలుసు. అయినా గడ్డి బెరడును తాకేలా కప్పడంతో చెద మొదలు దాకా ఎక్కింది. కొన్ని మొక్కలు మొదట్లో కొరికేసినట్టు విరిగిపోయాయి. తర్వాత గడ్డిని మొదలుకు జానెడు దూరం జరిపి, పాదుకు వేపపిండి వేశాం. అక్కడితో ఆగింది.

పేరు కట్టని చెట్లు

దాతల నుంచి వచ్చిన పెద్ద కోరిక, ప్రతి మొక్కకు తమ ఇంట్లో పోయినవాళ్ళ పేరు రాసి పలక కట్టాలని. డబ్బు కూడా బాగా వచ్చేది. నేను ఒప్పుకోలేదు, ఎందుకో చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట మరోచోట ఇలాంటి వనంలో పనిచేశాను. అక్కడ ప్రతి మొక్కకూ ఒక పేరు. మే నెలలో ఒకమ్మాయి తండ్రి వర్ధంతికని వచ్చింది. చేతిలో పూలు, చిన్న చెంబుతో నీళ్ళు. పలక మీద ఆయన పేరు చక్కగా ఉంది, దాని వెనక ఉన్నది ఎండిన పుల్ల. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. తెచ్చిన నీళ్ళు ఆ పుల్ల మొదట్లోనే పోసి, పూలు పెట్టి వెళ్ళిపోయింది. ఎంత బాగా చూసుకున్నా వందలో పది మొక్కలు పోతాయి, మెట్టనేలల్లో ఇంకా ఎక్కువే. ఆ పది ఎవరి నాన్నలు కావాలో మనం ఎట్లా నిర్ణయిస్తాం?

అందుకని ఇక్కడ ఏ చెట్టుకూ పేరు లేదు. డబ్బిచ్చిన కుటుంబాలకు మొక్కకు బదులు ఒక వరస నీళ్ళ బాధ్యత ఇచ్చాం. ఫలానా నెలలో ఫలానా వరసకు నీళ్ళు మా నాన్న పేరున. మొదట్లో కొందరికి నచ్చలేదు. ఏప్రిల్ వచ్చేసరికి వాళ్ళలో ముగ్గురు బిందెలు పట్టుకుని స్వయంగా వచ్చారు.

వర్ధంతి

మొదటి వర్ధంతికి పట్నం నుంచి ఒక బృందం వ్యానులో మొక్కలతో, ఫ్లెక్సీతో వచ్చింది. ఆయన పేరున వంద మొక్కలు నాటుతామని. వాళ్ళ మనసు మంచిదే. నేను చేతులు జోడించి చెప్పాను, ఈ రోజు మొక్కలు నాటే రోజు కాదండీ అని. ఏప్రిల్ 12 మన నేలకు గింజ ఏరే రోజు, నీళ్ళు మోసే రోజు. కానుగ కాయ ఎండి రాలుతుంటుంది, రేల కాయ నల్లబడి వేలాడుతుంటుంది. వాళ్ళు తెచ్చిన మొక్కలను బడి వెనక నీడలో పెట్టించి, పేర్లు రాసుకుని, జూలైలో కబురు చేస్తామన్నాం. ఫ్లెక్సీ మడిచి వ్యానులోనే పెట్టేసి వాళ్ళూ బిందెలు అందుకున్నారు.

నీళ్ళకు మేము వాడింది పాత మట్టికుండలు. అడుగున చిన్న బెజ్జం, అందులో గుడ్డవత్తి, మెడదాకా మట్టిలో పూడ్చి పైన మూత. వారానికోసారి నింపితే వేరు దగ్గర మెల్లగా చెమ్మ దిగుతుంది. అన్నిటికీ కుండలు దొరకలేదు, పై చల్కలో బలహీనంగా ఉన్న వాటికే పెట్టాం. మిగతావాటికి ట్యాంకరు.

మే చివర లెక్క చూశాం. నాటిన మొక్కల్లో నాలుగింట మూడు వంతులు బతికి ఉన్నాయి. పోయిన వాటిలో ఎక్కువ భాగం ఎండకు కాదు, అక్టోబరు నీళ్ళకు, డిసెంబరు చెదకు పోయినవి. అంటే మా పొరపాట్లకు. గింజ పాదుల్లో నిలిచింది ఐదింట ఒకటి. ఈ అంకె చూసి యువజన సంఘం పిల్లలు నీరసపడ్డారు. అప్పుడు మా వాచర్ గడ్డపార తెచ్చి, వరసలో ఎండిపోయిన ఒక కవర్ మొక్కను తవ్వాడు. పైన మోకాలెత్తు, కింద వేరు పిడికెడు, ఇంకా కవర్ ఆకారంలోనే. దాని పక్కన గింజ నుంచి మొలిచిన కానుగ ఒకటి తుఫానుకు గట్టు తెగినచోట సగం బయటపడి ఉంది. దాని చుట్టూ మట్టి చేత్తో తోడాడు. పైన జానెడు మొక్క. వేరు మూర దాటి ఇంకా కిందికే పోతోంది. దానికి ఏడాదంతా ఎవరూ కుండ పెట్టలేదు, ట్యాంకరు నీళ్ళు పోయలేదు. మట్టి మళ్ళీ కప్పి, కాలితో నొక్కి, "ఇది రామయ్య తాత మొక్క" అన్నాడు.

వచ్చే వానలకు చేయాల్సింది తేలిపోయింది. గట్టుకు రెండు తూములు. కింది రేగడిలో పోయిన గుంటలన్నిటికీ నల్లమద్ది, నేరేడు, ఎర్రచందనం అసలు లేదు. గింజ పాదులు రెట్టింపు, కవర్ మొక్కలు సగం. వర్ధంతి నాడు ఏరిన కానుగ గింజ బస్తా ఒకటి వాచర్ ఇంట్లో అటక మీద ఉంది. వాళ్ళ అవ్వ దానికి వేపాకు కలిపి మూతి కట్టింది. మొదటి వాన పడిన రాత్రే ఫోన్ చేస్తానంది.